అడగండి సహోదరీ: ప్రార్థన అంశంగా బయటపడ్డ ఇంటి సంగతి

ప్రశ్న: మా ఆయన ఉద్యోగం పోయి అప్పుల్లో పడ్డాం. ప్రార్థించమని సంఘంలో ఒక్క సహోదరికే చెప్పుకున్నాను. నాలుగు రోజులు తిరక్కముందే స్త్రీల కూడిక వాట్సాప్ గ్రూపులో మా పేర్లతో సహా ప్రార్థన అంశంగా వచ్చింది. ‘మంచి ఉద్దేశంతోనే పెట్టింది కదా, క్షమించెయ్’ అంటున్నారు. కూడికకు వెళ్లాలంటే మొహం చెల్లడం లేదు. ఊరుకోవాలా, అడగాలా?

జవాబు: అడగాలి. అడిగినంత మాత్రాన క్షమించనట్టు కాదు. మత్తయి సువార్త 18వ అధ్యాయం 15వ వచనంలో యేసు చెప్పిన మొదటి మెట్టు అదే: తప్పు చేసినవారి దగ్గరికి వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పాలి. సంఘాల్లో ఎక్కువగా దాటేసేది ఈ మెట్టునే. ముందు స్నేహితురాలికి చెబుతాం, తర్వాత పాస్టరమ్మగారికి. ఆ నోటా ఈ నోటా పడి చివరికి తప్పు చేసినామె చెవిన పడుతుంది. అప్పటికే ఆమె తనను తాను సమర్థించుకోవడంలో పడిపోతుంది, ఇక మీ మాట ఎక్కదు.

వెళ్లేముందు మూడే మాటలు కాగితం మీద రాసుకోండి: ఏం జరిగింది, దానివల్ల మీకేమైంది, ఇప్పుడు ఆమె ఏం చేయాలి. ‘అక్కా, మా అప్పుల సంగతి నీకొక్కదానికే చెప్పుకున్నాను, అది గ్రూపులోకి వచ్చింది. మా ఆయన తలెత్తుకోలేకపోతున్నారు, నేను కూడికకు రాలేకపోతున్నాను. ఆ మెసేజి తీసేసి, మా అనుమతి లేకుండా పెట్టానని, ఇంకెవరికీ చెప్పొద్దని నువ్వే గ్రూపులో రాయాలి.’ ఇంతే. మెసేజి తీసేస్తే సరిపోదా అంటారేమో. చదివినవాళ్లకు అది గుర్తుంటుంది, కాబట్టి అక్కడితో ఆపమని అడగడం ముఖ్యం. ‘అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా’ అనే మాట రానివ్వకండి, ఆ అందరూ ఎవరన్న దాని మీదికి గొడవ మళ్లుతుంది. ‘దేవుడు నాతో చెప్పాడు’ అని మొదలుపెడితే ఎదుటిమనిషికి బదులు చెప్పే దారే ఉండదు. ఫోన్లో రాసి పంపడం అసలే వద్దు. మీ గొంతులో బాధ అక్షరాల్లో కోపంలా కనిపిస్తుంది, అదీ ఫార్వర్డ్ అవుతుంది.

ఆమె ‘ప్రార్థన కోసమే కదా’ అంటే, ‘ప్రార్థిస్తావనే నీకు చెప్పాను, అందుకు సంతోషమే. చెప్పే ముందు నన్ను అడగలేదు, నా బాధ అదొక్కటే’ అని అక్కడికే తిరిగి రండి. ఆమె పాత సంగతులు తవ్వినా మీరు తవ్వకండి.

వినకపోతే 16వ వచనం: ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లడం. సాక్షులుండాలన్న నియమం ద్వితీయోపదేశకాండము 19:15 నుంచి వచ్చింది. వాళ్లు రెండు వైపులా వినాలి. అందుకని మీ దగ్గరి స్నేహితురాలిని కాకుండా మీ ఇద్దరికీ గౌరవమున్న పెద్దావిడను పిలవండి. చాలావరకు సంగతి ఇక్కడే తేలిపోతుంది. తేలాక కూడా మీ తర్వాతి రహస్యం ఆమెకే చెప్పి తీరాలనేమీ లేదు. క్షమాపణ మీరిచ్చేది. నమ్మకాన్ని ఆమె మెల్లగా సంపాదించుకోవాలి.

గ్రూపు నడిపే సహోదరీలకూ ఒక మాట. ఎవరి సంగతైనా అంశంగా పెట్టేముందు ‘ఇది గ్రూపులో పెట్టనా, పేరు రాయనా’ అని ఆ మనిషినే అడగండి. పేరు తీసేసి ‘ఒక కుటుంబం ఆర్థిక ఇబ్బందుల్లో ఉంది’ అని రాస్తే చాలనుకుంటాం. పన్నెండు మంది ఉన్న కూడికలో ఆ కుటుంబం ఏదో తెలుసుకోవడానికి ఎవరికీ నిమిషం పట్టదు. మనం అడగకముందే మనకేం కావాలో తండ్రికి తెలుసని మత్తయి 6:8లో ఉంది. వివరాలు లేకపోతే ప్రార్థన ఏమీ తగ్గిపోదు.

ప్రశ్న: మూడు నెలల పాప. తెల్లవారుజామున లేచి వాక్యం చదివే అలవాటు పూర్తిగా పోయింది. మోకరిస్తే నిద్ర వచ్చేస్తోంది. దేవునికి దూరమైపోతున్నానని భయంగా ఉంది.

జవాబు: మీకు తక్కువైంది నిద్ర, భక్తి కాదు. పసిబిడ్డ తల్లికి గడియారం ప్రకారం ధ్యానం నిలవదు. కాబట్టి సమయానికి కాకుండా ఒక పనికి ముడిపెట్టండి. పగటిపూట మొదటిసారి పాలిచ్చేటప్పుడు అనుకోండి. ఫోన్లో వాక్యం వినవచ్చు, లేదా ముందురోజే పేజీ తెరిచి పెట్టుకోవచ్చు. 119వ కీర్తన దీనికి బాగా సరిపోతుంది. 176 వచనాలు ఎనిమిదేసి చొప్పున 22 భాగాలుగా ఉంటాయి, రోజుకొక భాగం. అదీ వీలుకాని రోజున ఆరే వచనాల 13వ కీర్తన.

ఏడాదిలో బైబిలంతా చదివే పట్టికను ఇప్పుడు పక్కన పెట్టండి. 1,189 అధ్యాయాలంటే రోజుకు మూడుకు పైనే. నాలుగు రోజులు తప్పితే పదమూడు అధ్యాయాల బాకీ పడుతుంది, ఆ బాకీ చూసే చాలామంది మొత్తానికే మానేస్తారు. తప్పిన రోజును వదిలేసి ఈ రోజుది చదవండి. మందలో పాలిచ్చే గొర్రెలను దేవుడు మెల్లగా నడిపిస్తాడని యెషయా 40:11లో ఉంది. పరుగెత్తించడు.

ప్రశ్న: పెళ్లయ్యాక నేను విశ్వాసంలోకి వచ్చాను, మావారు రాలేదు. అద్దం మీద, ఫ్రిజ్ మీద వాక్యాలు అంటించాను, ఆయన వింటుండగా ఆయన కోసం గట్టిగా ప్రార్థిస్తాను. ఈమధ్య కానుకల విషయంలోనూ గొడవలు. ఏం చేస్తే మారతారు?

జవాబు: ముందు ఆ కాగితాలు తీసేయండి. అవి ఆయన కోసమే అంటించారని ఆయనకు తెలుసు. ఇంట్లో ఎటు తిరిగినా ఎవరో తప్పు పడుతున్నట్టు ఉంటే మనిషి ఇంటి నుంచే తప్పుకుంటాడు. 1 పేతురు 3:1లో భర్తలు భార్యల మాట లేకుండానే, వాళ్ల ప్రవర్తన వల్ల విశ్వాసంలోకి రాబట్టబడవచ్చని ఉంది. ఆయన కోసం చేసే ప్రార్థన ఆయన వినేలా ఉండనక్కర్లేదు.

డబ్బు సంగతి సూటిగా తేల్చుకోండి. ఇద్దరి సంపాదనలోంచి ఆయనకు తెలియకుండా ఇచ్చే కానుక, బయటపడిన రోజున ఆయన దృష్టిలో దొంగతనమే. ‘నాకు ఇవ్వాలనుంది, నెలకు ఎంతవరకు నీకు సమ్మతం’ అని అడిగి, ఆ మొత్తానికే కట్టుబడండి. అది మీరు అనుకున్నదానికన్నా తక్కువైనా సరే. ఆదివారం ఎన్నింటికి వస్తారో చెప్పి, ఆ వేళకు రండి. ఆయనకు చెప్పకుండా సంఘంలోని సహోదరులను ఇంటికి పంపించడం, ఆయన లోపాలను కూడికలో అంశంగా పెట్టడం, రెండూ మానుకోండి.

పిల్లలుంటే వాక్యం నేర్పండి, నాన్నను చిన్నబుచ్చే మాట మాత్రం ఒక్కటీ వద్దు. పౌలుతో కలిసి సేవ చేసిన తిమోతిని చూడండి. అతని తల్లి విశ్వాసి, తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16:1 చెబుతుంది. తిమోతికి ఉన్న విశ్వాసం ముందుగా అమ్మమ్మ లోయిలోనూ తల్లి యునీకేలోనూ ఉందని పౌలు రాశాడు. ఇక ‘ఏం చేస్తే మారతారు’ అన్నదానికి మేం హామీ ఇవ్వలేం. భర్తను రక్షిస్తావో లేదో నీకేం తెలుసు అని 1 కొరింథీయులకు 7:16లో పౌలే భార్యలను అడిగాడు. మీ చేతిలో లేని ఆ భారాన్ని మీ మీద వేసుకోకండి.

ప్రశ్న: నా భర్త కొడతాడు. తర్వాత ఏడ్చి క్షమించమంటాడు. సంఘ పెద్ద ఒకరు ‘డెబ్బది ఏళ్ల మారులు క్షమించమన్నారు, ఇంటికి వెళ్లమ్మా’ అన్నారు. వెళ్లకపోతే పాపమా?

జవాబు: పాపం కాదు. ఆ వాక్యం డెబ్బై ఏడుల సార్లు క్షమించమంటుంది, దెబ్బల మధ్యకు తిరిగి వెళ్లమనదు. దావీదు తనను చంపడానికి వెంటాడిన సౌలును రెండుసార్లు చేతికి చిక్కినా వదిలేశాడు. రెండోసారి సౌలు తప్పు ఒప్పుకుని, నీకు కీడు చేయను, తిరిగి రమ్మన్నాడు. దావీదు వెళ్లలేదు, తన దారిన తాను పోయాడు. 1 సమూయేలు 26వ అధ్యాయం చివరి వచనాలు చదవండి. పగ పెట్టుకోలేదు, దగ్గరికీ పోలేదు. పైన మొదటి సహోదరికి చెప్పిన ‘ఒంటరిగా వెళ్లి అడగండి’ అన్న మెట్టు గానీ, మూడో సహోదరికి చెప్పిన ‘మాట లేకుండా’ అన్న వచనం గానీ మీకు వర్తించవు. చేయి చేసుకునే మనిషితో ఒంటరిగా తేల్చుకోబోవడం ప్రమాదం.

ఇంట్లో ఉన్నంతకాలం, గొడవ మొదలైతే వంటగదిలోకీ ఒకే తలుపున్న గదిలోకీ వెళ్లకండి. గుర్తింపు కార్డులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు కాగితాలు, మందులు, కొంత నగదు, తాళంచెవి ఒకటి కలిపి ఆయనకు తెలియని, నమ్మకమైన వారింట్లో పెట్టండి. పొరుగున ఒకరితో ఒక మాట అనుకోండి. ఆ మాట వినబడితే వాళ్లు పోలీసులకు ఫోన్ చేయాలి. డాక్టరుకు జారిపడ్డానని చెప్పకుండా కొట్టాడనే చెప్పి, కాగితం మీద రాయించుకోండి. దెబ్బల ఫోటోలు మీ ఫోన్లో ఉంచకుండా వేరేవాళ్లకు పంపి తీసేయండి. వెళ్లిపోతానని గొడవలో అనకండి, విడిచి వెళ్లే సమయంలోనే ప్రమాదం ఎక్కువ. గొంతు నులిమిన సందర్భం ఒక్కటున్నా అది ప్రాణాపాయానికి గుర్తు. వెంటనే డాక్టరుకు చూపించుకోండి, ఇంకో రోజు చూద్దాం అనుకోకండి.

ఆయన మారాడా లేదా కన్నీళ్లు చూసి తేల్చలేం. ‘కానీ నువ్వే రెచ్చగొట్టావు’ అనకుండా తప్పు ఒప్పుకుంటున్నాడా, తనంతట తానే సహాయం కోసం వెళ్తున్నాడా, మీరు వేరుగా ఉంటే నెలల తరబడి ఒత్తిడి చేయకుండా ఒప్పుకుంటున్నాడా అని చూడండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడదామంటే వద్దనండి. ఆయన ముందు మీరు నిజం చెబితే ఆ రాత్రి దాని ఫలితం మీరే అనుభవించాలి. ఆ పెద్దగారితో మాట్లాడగలిగితే ఇలా అనండి: ‘నేను క్షమిస్తాను అయ్యగారూ, కానీ అక్కడ ఉండను. మీరు ఆయనతో మాట్లాడండి, నేనెక్కడున్నానో మాత్రం చెప్పకండి.’