పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ వెళ్లి సోషల్ వర్కర్ ఇంటికొస్తే అందరూ ఎందుకంత బెదిరిపోతారు?

తల్లిదండ్రుల భయం వేరు, పిల్లల భయం వేరు.

పదో తరగతి అమ్మాయికి పెళ్లి ఖాయం చేశారని ఎవరో 1098కి చెప్పారనుకోండి. గుమ్మంలో సోషల్ వర్కర్, పక్కన అంగన్‌వాడీ టీచర్ కనబడగానే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది చట్టం కాదు, పరువు. "ఎవరు చెప్పారు?" అనే అడుగుతారు. తర్వాత, పిల్లను పట్టుకుపోతారేమోనన్న బెంగ. కానీ ఆ నిర్ణయం సోషల్ వర్కర్ చేతిలో లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల్ని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి; నిర్ణయం ఆ కమిటీదే. హోమ్‌లో పెట్టడం చిట్టచివరి మార్గమని ఆ చట్టమే చెబుతోంది.

అమ్మాయి మనసులో తిరిగేది ఇంకొకటి: "నేను చెప్పింది నాన్నకు చెప్పేస్తారా?" అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి "నీకు ఇష్టమేనా అమ్మా?" అంటే ఏ పిల్ల నోరు విప్పుతుంది? తలూపుతుంది, అంతే. అదే అంగీకారమని రాసుకుంటే ఆ పిల్ల మళ్లీ ఎవరినీ నమ్మదు. విడిగా మాట్లాడాలి, ఏది దాచగలరో ఏది దాచలేరో ముందే చెప్పాలి. లైంగిక వేధింపుల సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ఆ మాట పిల్లకు ముందుగానే తెలియాలి.

పెద్దవాళ్ల కోపం మెత్తబడేది ఎక్కువగా పెళ్లి ఆగిన తర్వాతే. పెళ్లి ఆపి వెళ్లిపోకుండా, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు కోసం వెంట తిరిగిన మనిషిని ఆ ఇంట్లో "మా మేడమ్" అంటారు.