సమాధానం: హీలింగ్ వర్డ్ వేశాక అదే టర్న్‌లో వాండ్ వాడొచ్చా?

తమ్ముడూ, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్రగా మారి కథలా ఆడే ఆట) ఆడే మీ విజయనగరం గ్రూపులో గొడవ ఎక్కడొచ్చిందో అర్థమైంది. క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే అమ్మాయి బోనస్ యాక్షన్‌తో, అంటే తన వంతులో మామూలు యాక్షన్ కాక దొరికే చిన్న అదనపు చర్యతో, గాయాలు మాన్పే హీలింగ్ వర్డ్ మంత్రం వేసి, అదే టర్న్‌లో వాండ్‌తో (మంత్రదండంతో) మేజిక్ మిసైల్ అనే దాడి మంత్రం వదులుతానంది. ఒకరు కుదరదన్నారు, ఇంకొకరు కుదురుతుందన్నారు. ఇద్దరూ సరిగ్గానే చదివారు, పుస్తకాలే వేరు.

2014 నియమాల పుస్తకం ప్రకారం బోనస్ యాక్షన్‌తో మంత్రం వేస్తే, ఆ టర్న్‌లో ఇంకా వేయగలిగేది ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేయగలిగే చిన్న మంత్రం) మాత్రమే. వాండ్‌లోంచి వచ్చినా మంత్రం మంత్రమే, కాబట్టి కుదరదు. 2024 పుస్తకంలో పద్ధతే మారింది: ఒక టర్న్‌లో మంత్రానికి ఒక్క స్పెల్ స్లాటే (మంత్రాలకి పాత్ర దగ్గర లెక్కగా ఉండే కోటాలో ఒకటి) ఖర్చు పెట్టొచ్చు. వాండ్ ఛార్జీలు (దండంలోనే నిల్వ ఉండే శక్తి) స్లాట్లు కావు, నిక్షేపంగా వాడుకోవచ్చు.

రెండూ కలిపి ఆడితే ప్రతి ఆదివారం ఇదే పంచాయితీ. నా ఓటు 2024కే, లెక్క తేలిక. ఒకే పుస్తకంలో రెండు నియమాలు ఢీకొంటే మాత్రం సాధారణ నియమం మీద ప్రత్యేక నియమానిదే పైచేయి. అప్పటికీ తేలకపోతే ఆట నడిపే డంజన్ మాస్టర్ అక్కడికక్కడే తీర్పు చెప్పేయాలి, పేజీలు ఆట అయ్యాక తిరగేసుకోవచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చే కొత్త కుర్రాడి దగ్గర పాత పుస్తకమే ఉందన్నావుగా, అతనికి ఈ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పు.