పికప్ పోయిందనగానే టర్బో మార్చేయకండి

టర్బో డీజిల్ బండి ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ ఉండటం లేదు, నల్ల పొగ వస్తోంది, సర్వీస్ సెంటర్ వాళ్లు టర్బో మార్చాలంటున్నారు, మార్పించమంటారా అని అడిగారు. వద్దు. ముందు ఇంటర్‌కూలర్ పైపులు, అంటే టర్బో ఒత్తిడితో నెట్టే గాలిని చల్లార్చి ఇంజన్‌కి చేర్చే దారి, చూపించండి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, సరిగ్గా ఇదే మాట మాకూ చెప్పారు.

మాది 2.2 లీటర్ల ఏడు సీట్ల బండి. గుంటూరు నుంచి ఇంటిల్లిపాదీ కోటప్పకొండ బయల్దేరాం. నరసరావుపేట దాకా ఏ ఇబ్బందీ లేదు. ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి సెకండ్ గేర్‌లో నిండా తొక్కినా బండి ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. ఏసీ ఆపేశాం. వెనక వస్తున్నవాళ్లకు మా పొగే.

విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ఒక పైపు ఊడదీసి లోపల ఆయిల్ తడి చూపించి, "టర్బో సీల్ పోయింది సార్, మొత్తం అసెంబ్లీ మార్చాలి" అన్నారు. ఎస్టిమేట్ నలభై వేల పైమాటే. బండిని ఒక్కసారి కూడా రోడ్డెక్కించలేదు, షెడ్డులో నిలబెట్టి రేస్ చేసి తేల్చేశారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. లోడు లేనప్పుడు టర్బోకి పెద్దగా పనే ఉండదు, ఇక అలా రేస్ చేస్తే ఏం తెలుస్తుంది?

అక్కడి నుంచి ఆటోనగర్ వెళ్లాను. లారీ ఇంజన్ల మీదే తల నెరిసిన మెకానిక్ ఒకాయన ఉన్నారు, అందరూ బాబాయ్ అని పిలుస్తారు. ఆయన బానెట్ ఎత్తలేదు. "పొగ ఏ రంగు బాబూ? ఇంజన్ ఆయిల్ తగ్గుతోందా?" అని అడిగి పక్క సీట్లో కూర్చున్నారు. "బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించు. నాలుగో గేర్‌లోనే ఉంచు, మార్చకుండా నిండా తొక్కు" అన్నారు. అద్దాలు దింపించారు, పాటలు ఆపించారు. ఎత్తు ఎక్కుతుంటే ముందు నుంచి బుస్సుమని చప్పుడు. కాలు తీయగానే ఆగిపోయింది. మళ్లీ తొక్కితే మళ్లీ బుస్సు.

తిరిగొచ్చాక కింద ఉండే ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు విప్పించి రెండు చేతులతో మెలిపెట్టారు. క్లాంపు పక్కన, కిందివైపు, బ్లేడుతో కోసినట్టు చీలిక. వదిలేస్తే మూసుకుపోతోంది! లోపల ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది కాబట్టి నిలబడి ఉన్న బండిలో అది దొరకదు. నల్ల పొగకూ అదే కారణం. గాలిని కొలిచే సెన్సార్ టర్బోకి ముందు ఉంటుంది, అది చెప్పిన లెక్క ప్రకారం డీజిల్ పడుతుంది. ఆ గాలి దారిలోనే కారిపోతే డీజిల్ సరిగ్గా కాలక మసిగా బయటికొస్తుంది.

మరి ఆయిల్ తడి? ఇంజన్ అడుగు భాగంలో (క్రాంక్‌కేస్) లేచే ఆయిల్ ఆవిరి ఆ దారినే పోతుంది కాబట్టి టర్బో బండి పైపుల్లో ఆ మాత్రం తడి మామూలే. దాన్ని చూపించి టర్బో అమ్మడం అన్యాయం. బాబాయ్ టర్బోని కూడా వదల్లేదు. ఇంజన్ చల్లారాక టర్బో లోపలి ఫ్యాన్‌ని వేలితో కదిపి చూపించారు. పక్కలకు కొద్దిగా ఊగడం సహజం, ముందుకూ వెనక్కీ మాత్రం ఆడకూడదు, రెక్కలు గోడకు రాసుకోకూడదు. మాది బాగానే ఉంది. పైపు, క్లాంపు, కూలీ అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది. ఆ తర్వాత కొండవీడు ఘాట్ సునాయాసంగా ఎక్కింది.

చీలిన పైపుకి టేపు చుట్టి పంపేవాళ్లను దగ్గరికి రానీయకండి, ఆ ఒత్తిడికి టేపు నిలవదు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) మూసేస్తే పికప్ వస్తుందని చెప్పేవాళ్లు ఇంకా ఘోరం. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం, పైగా అసలు జబ్బు అలాగే ఉంటుంది. కల్తీ డీజిల్ అనేది కూడా నా దృష్టిలో చాలాసార్లు సాకే.

బండి సెన్సార్ల లెక్కలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ దొరికితే ఎత్తు మీద నిండా తొక్కినప్పుడు మ్యాప్ (MAP) రీడింగ్, అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, ఎంత చూపిస్తుందో పక్కవాళ్లను చూడమనండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 100 కిలోపాస్కల్స్ ఉంటుంది. లోడు మీద అది 200 దాకా వెళ్లాలి. 110, 120 దగ్గరే ఆగిపోతే గాలి కారుతున్నట్టు, లేదా టర్బో ఒత్తిడిని అదుపు చేసే యాక్చుయేటర్‌కి వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ పైపు ఊడినట్టు. మ్యాప్ బాగుండి, పొగ లేకుండా పికప్ పోతే డీజిల్ ఫిల్టర్ చూడండి. మీది బీఎస్6 బండి అయితే పొగను నమ్ముకోవద్దు, మసిని పొగ గొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్ పట్టేస్తుంది.

నీలి పొగ వచ్చి, ఆయిల్ తగ్గుతూ, సైరన్ లాంటి కూత వినపడితే అప్పుడు టర్బోనే అనుమానించండి. మార్చేటప్పుడు మాత్రం దానికి ఆయిల్ వెళ్లే పైపు మూసుకుపోయిందేమో చూపించండి, లేకపోతే కొత్తదీ పోతుంది.