విశాఖ వన్‌టౌన్‌లో నల్ల దుమ్ము, బాబుకి తగ్గని దగ్గు: సమాధానం

కిటికీలు మూసినా, ఇన్‌హేలర్ వాడుతున్నా బాబు ఆస్తమా దగ్గు తగ్గట్లేదన్నారు. కారణం బహుశా మీ పొద్దుటి చీపురే. పోర్టు బొగ్గుపొడి నేలకి దిగితే సగం గొడవ తీరినట్టే. పొడి చీపురు దాన్ని మళ్లీ లేపుతుంది, సన్న రేణువులు గంటల తరబడి గాల్లోనే ఉంటాయి.

1. ఊడవకండి, తడిగుడ్డ పెట్టండి. ముందు ఫ్యాన్ రెక్కలు, కిటికీ చువ్వలు, నేల చివర. గుడ్డ మధ్యమధ్యలో జాడించాలి, లేదంటే మసి పూసినట్టే. తుడిచేటప్పుడు బాబు వేరే గదిలో ఉండాలి.

2. చలికాలం తెల్లవారుజామున కొండల మధ్య గాలి కదలదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాకే కిటికీలు తెరవండి.

3. స్పేసర్‌ని (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) సబ్బునీళ్లతో కడిగి, తుడవకుండా ఆరనివ్వండి. తుడిస్తే మందు లోపలి గోడలకే అంటుకుంటుంది.

డొక్కలెగరేస్తుంటే ఆగకుండా కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి) తీసుకెళ్లండి.