చదరాల బొంతకి ఏ కుట్టు వెయ్యాలి?

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. అడ్డం 10, నిలువు 12, మొత్తం 120 చదరాలు. అతుకులు పోగా ఒక్కోటీ 6 అంగుళాలు తేలిందన్నావు. మొదటి బొంతకి అంత ఓపిక పట్టావంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. తీరా పై పొర అయ్యాక, దానికి లోపలి దూది, అడుగు బట్ట చేర్చి మూడు పొరలూ కలిపి ఏ డిజైన్‌లో కుట్టాలో తేలక మడిచి పక్కన పెట్టేశావట. దానికంత టెన్షన్ పడకు. అందరూ ఆగిపోయేది అక్కడే.

ఆ రంగు ముక్కల వంకే చూస్తూ కూర్చుంటే ఎన్నాళ్ళకీ తేలదు. బొంతని వెనక్కి తిప్పినట్టు ఊహించుకో. అక్కడ చదరాలుండవు, రంగులుండవు. ఒకే బట్ట, దాని మీద నీ దారం గీసిన గీతలు, అంతే. ఒక తెల్లకాగితం తీసుకుని చదరాలు గియ్యకుండా, నువ్వనుకున్న కుట్టుగీతలు మాత్రం గీసి చూడు. ఉత్త గీతలుగా కూడా బాగుందనిపిస్తే ఆ డిజైన్ పైన కూడా బాగుంటుంది. నేను కొత్త కుట్టు ఏది మొదలుపెట్టినా ముందు ఇదే చేస్తాను.

అతుకు గాడిలోనే కుట్టేస్తే సరిపోతుంది కదా అని అడిగావు. ముక్కకీ ముక్కకీ మధ్య ఉన్న గాడి వెంట సూది పోనిస్తే పైన దారం కనపడదు, గీత గియ్యక్కర్లేదు, తేలిక అనిపిస్తుంది. నా మొదటి బొంత నేనూ అలాగే కుట్టాను. అవీ పెద్ద చదరాలే. లోపల పెట్టింది విడి దూది. నాలుగైదు ఉతుకులు అయ్యేసరికి ప్రతి చదరంలో దూది ఒక మూలకి చేరి ఉండ కట్టింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మధ్యంతా పల్చగా, మూలల్లో నల్లగా ముద్దలు. దాన్ని విప్పి మళ్ళీ కుట్టే ఓపిక లేక కుర్చీ మీద పరిచేశాను.

అందుకని డిజైన్ కంటే ముందు, లోపల పెట్టే పొర సంగతి చూసుకో. షీటుగా అమ్మే దూది పొర ప్యాకెట్ మీద ఒక కుట్టుకీ ఇంకో కుట్టుకీ మధ్య ఎంత ఎడం ఉండొచ్చో రాసి ఉంటుంది. కొన్నిటికి 10 అంగుళాలు, కొన్నిటికి 4 అంగుళాలే. విడి దూదైతే 2 అంగుళాలు దాటనివ్వకు. ఆ అంకె చూశాక సగం డిజైన్లు వాటంతటవే పక్కకి పోతాయి. గాడి కుట్టు ఒక్కటే వేస్తే నీ బొంతలో 6 అంగుళాల చదరం మొత్తం ఖాళీగా మిగులుతుంది.

ఇంకో మాట. గాడి కుట్టు తేలిక అనుకోవడం పొరపాటు. సూది గాడిలోంచి వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఇట్టే తెలిసిపోతుంది. అతుకు మడత ఒక వైపుకి ఇస్త్రీ చేసి ఉంటుంది కదా, కుట్టు పడాల్సింది మడత లేని పల్లపు వైపు. నీకు నచ్చితే అతుక్కి పావు అంగుళం ఎడంగా, రెండు పక్కలా గీతలు వెయ్యి. మిషన్ ఫుట్, అదే బట్టని నొక్కి పట్టే పాదం, దాని అంచుని అతుక్కి ఆనించి పోనిస్తే కొలత దానంతటదే వస్తుంది. అయినా మధ్యలో 5న్నర అంగుళాల ఖాళీ ఉండనే ఉంటుంది.

నీ బొంతకి నా ఓటు ఏటవాలు గీతలకి. ఒక మూల నుంచి ఎదుటి మూలకి, ప్రతి చదరం గుండా, రెండు వైపుల నుంచీ. పైన ప్రతి ముక్క మీదా ఒక ఇంటూ గుర్తు పడుతుంది, వెనక నుంచి చూస్తే డైమండ్ గళ్ళు. చదరాల్లో ఉన్నవన్నీ నిలువుగీతలూ అడ్డగీతలే కాబట్టి వాటికి అడ్డంపడే గీత వస్తేనే బొంతకి కాస్త కదలిక వస్తుంది. లెక్క కూడా వేసి చూశాను. ఒక వైపు 21 గీతలు, రెండో వైపు 21. గీతకీ గీతకీ ఎడం నాలుగుంపావు అంగుళాలు, కాబట్టి ప్యాకెట్ మీద 4 అంగుళాలే అని ఉన్న దూదికి ఇది కుదరదు. అన్నీ కలిపితే కుట్టు పొడవు 52 మీటర్లు. మిషన్ మీద కుడితే పై దారం, బాబిన్ దారం కలిపి ఆ పొడవుకి రెండున్నర, మూడింతలు పడుతుంది. కాబట్టి 150 మీటర్లకి తక్కువ కాకుండా ఒకే రంగు దారం దగ్గర పెట్టుకుని మొదలుపెట్టు. సగంలో అయిపోతే అదే ఛాయ మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మూలలే గుర్తులు కాబట్టి సుద్దతో గియ్యక్కర్లేదంటారు. నీ మూలలు సరిగ్గా కలిస్తే ఆ మాట నిజమే. కానీ ఫోటోలో ఎడమ పక్క మూడో వరస చూడు, అక్కడ రెండు మూలలు దారపు మందం కాదు, బాగానే తప్పాయి. ప్రతి మూలనీ వెతుక్కుంటూ కుడితే గీత పాములా మెలికలు తిరుగుతుంది. అలాంటి చోట ఈ చివరి మూల నుంచి ఆ చివరి మూల దాకా మాస్కింగ్ టేపు బిగువుగా అంటించి, దాని అంచు వెంటే కుట్టు. మధ్యలో ఒకటి రెండు మూలలు తప్పినా ఎవరి కంటా పడదు, వంకర గీత మాత్రం గుమ్మం దగ్గర నుంచే కనపడుతుంది. కుట్టగానే టేపు పీకేసెయ్, రోజుల తరబడి ఉంచితే జిగురు అంటుకుపోతుంది.

ఏటవాలు కుట్టుతో ఒక పేచీ ఉంది. బట్ట క్రాస్‌లో సాగుతుంది. చేత్తో లాగి పట్టుకున్నావో, రెండో వైపు గీతలు వచ్చి కలిసే ప్రతిచోటా వెనక బట్టలో చిన్న మడత పడుతుంది. కచ్చా కుట్టు దగ్గర దగ్గరగా వెయ్యి, లేదా అరచెయ్యి ఎక్కడ ఆనించినా ఒక పిన్నీసు తగిలేలా పెట్టు. వాకింగ్ ఫుట్ ఉంటే అదే బిగించు, పై బట్టా అడుగు బట్టా కలిసి నడుస్తాయి. ఒక్కో కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకి పెట్టు. నడిమి పొడుగు గీతతో మొదలుపెట్టి అంచులకి రా. అంచుల నుంచి లోపలికి వస్తే మిగులు బట్టంతా మధ్యలో పోగవుతుంది.

నువ్వు పంపిన ఈకల డిజైన్ చాలా బాగుంది, కాదనను. కానీ నీ చదరాల్లో మూడొంతులు పూల ప్రింట్లే. ఆ పూల మీద నువ్వెంత కష్టపడి ఈక కుట్టినా ఎవరికీ కనపడదు, వెతికి చూపించాల్సిందే. అలాంటి పనితనం ఉత్త రంగు బట్ట మీద పెట్టుకోవాలి. పైగా మిషన్‌లో బట్టని ముందుకి నడిపే పళ్ళు దించేసి బట్టని చేత్తో తిప్పుతూ కుట్టాలంటే చెయ్యి అలవాటు పడాలి. దానికి కనీసం నాలుగైదు చెత్త ముక్కలు పాడు చెయ్యక తప్పదు.

వంపులే కావాలని నీ మనసు లాగుతుంటే రేకుల కుట్టు వెయ్యి. 8న్నర అంగుళాల వ్యాసం ఉన్న పళ్ళెం ఒకటి వెతుకు. చదరం మీద బోర్లిస్తే దాని అంచు నాలుగు మూలలకీ సరిగ్గా ఆనుతుంది, పక్క చదరాల్లోకి కాస్త పొంగుతుంది. ఆ పొంగిన వంపే రేకు. ఒక్కో చదరానికీ విడిగా గుండ్రంగా కుట్టకు, దారం తెంపుతూ ముడులేస్తూ పిచ్చెక్కుతుంది. ఒక అతుకు వెంట మొదలుపెట్టి, మూల నుంచి మూలకి ఒకసారి ఇటు వంపు, ఒకసారి అటు వంపు, చివరి దాకా అలలా పోనియ్. తిరిగి వచ్చేటప్పుడు అటున్న చోట ఇటు, ఇటున్న చోట అటు. దారం తెగకుండా వరసంతా రేకులు పడిపోతాయి. వెనక ఒకదాని మీదొకటి ఎక్కిన వలయాలు కనపడతాయి. వంపు కాస్త అటూ ఇటూ అయినా చూడ్డానికి ఇబ్బందిగా ఉండదు, అదీ దీంట్లో సుఖం. చదరం మధ్యలో మూడున్నర అంగుళాల ఖాళీ మిగులుతుంది, షీటు దూదికి పర్వాలేదు.

మిషన్ వద్దు, చేత్తోనే కుడతానంటే మాత్రం మూలల గుండా పోకు. అక్కడ అతుకులన్నీ పేరుకుని సూది దిగదు, వేళ్ళు పుళ్ళవుతాయి. ఏటవాలు గీతనే అర అంగుళం పక్కకి జరుపుకో.

మధ్యలో చిక్కగా కుట్టి, విసుగొచ్చి అంచుల దగ్గర వదిలెయ్యడం చాలామంది చేసేదే. అప్పుడు మధ్య భాగం లాక్కుని, అంచులు రెపరెపలాడుతూ నేల మీద పరిస్తే కూర్చోవు. అంత చిక్కగా కుట్టలేనని ముందే తెలిస్తే అంతటా ఎడంగానే వెయ్యి. ఎలాగూ మీ చంటివాడు కప్పుకునే బొంత. మరీ చిక్కగా కుడితే అట్టలా బిగుసుకుపోతుంది.

దారం రంగు రీలు చూసి నిర్ణయించకు, రీలు మీద అన్నీ ముదురుగానే కనపడతాయి. ఒక పోగు తీసి ముదురు ముక్క మీదా లేత ముక్క మీదా పడేసి చూడు. నీ బొంతలో ఉన్న రంగులన్నిటికీ నడిమిరకం బూడిద రంగు కలిసిపోతుందని నాకనిపిస్తోంది. మొదటి బొంతకి ఎర్రదారం మాత్రం వద్దు, ప్రతి తప్పునీ చాటింపు వేస్తుంది.

ఇంకా ఊగిసలాటగా ఉంటే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు బొంత మీద పరిచి, మార్కర్‌తో రెండు డిజైన్లూ పక్కపక్కనే గియ్యి. షీటు అంచుల చుట్టూ రంగు టేపు అంటించుకో. గీసే ధ్యాసలో మార్కర్ జారి బట్ట మీద పడితే వదలదు. ఆ తర్వాత మిగిలిన ముక్కలు నాలుగు అతికి, అదే దూది, అదే అడుగు బట్ట పెట్టి ఒక జానెడు కుట్టి చూడు. దాన్ని ఉతికి ఆరెయ్యి కూడా. నూలు దూదైతే మొదటి ఉతుకులో కాస్త ముడుచుకుని, కుట్ల మధ్య బట్ట ముడతలు తేలుతుంది. నాకది చాలా ఇష్టం, కొందరికి గిట్టదు.

వెనక బట్ట ఇంకా కత్తిరించలేదుగా? నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉంచుకో, కుట్టేకొద్దీ లోపలికి లాక్కుంటుంది. ఆ నాలుగు ముక్కల నమూనా ఉతికాక ఫోటో తీసి పంపు, వెనక వైపుది కూడా.

ఇట్లు,
పెద్దమ్మ