జవాబు తెలిసినా నోరు విప్పని పిల్లలకు ధైర్యం ఎలా వస్తుంది?

గ్రానైట్ క్వారీలుండే చీమకుర్తి వైపు హైస్కూలు టీచరు ఒకరు, పిల్లలు జవాబు తెలిసినా లేచి చెప్పడం లేదు, ఏం చేయాలని అడిగారు. తప్పు చెబితే క్లాసంతా నవ్వుతుందన్న టెన్షనే చాలావరకు కారణం. ముందు నలుగురేసి పిల్లల చిన్న జట్లలో మాట్లాడనివ్వండి.

మీ దగ్గర నల్ల గ్రానైట్ ముక్కలకు కొదవలేదు కదా! ఒక్కో జట్టుకు ఒకటివ్వండి. ఒకరు తూచాలి, ఒకరు కొలజాడీలో ముంచి నీటిమట్టం ఎంత పెరిగిందో చూడాలి, ఒకరు రాయాలి, నాలుగోవాళ్లు లెక్కచేసి క్లాసుకు చెప్పాలి. గ్రాములను పెరిగిన మిల్లీలీటర్లతో భాగిస్తే సాంద్రత; ఆ నల్లరాయికి సుమారు 3 వస్తుంది. ఒక జట్టుకు 2 వచ్చిందా? తిట్టకండి, ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లనే మళ్లీ కొలిచి కనుక్కోమనండి. తమ చేత్తో తేల్చిన అంకెను చెప్పడానికి పిల్లలు అంతగా జంకరు. పనులు మాత్రం ప్రతిసారీ మార్చండి, లేకపోతే చురుకైనవాళ్లే అన్నీ చేసేస్తారు.