7 ఎందుకు, 5 ఎందుకు?

ప్రశ్న: డిగ్రీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. మిడ్ పరీక్షలో దాదాపు ఒకేలా రాసిన ఇద్దరిలో ఒకరికి 7, ఇంకొకరికి 5 వేశాను. పిల్లలు పేపర్లు పక్కపక్కన పెట్టి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. 60 పేపర్లు ఒక్కరే దిద్దేటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఒక్కో పేపరును మొదటి నుంచి చివరిదాకా దిద్దుకుంటూ పోతే ఇలా జరగక తప్పదు. మొదటి జవాబు బాగుంటే రెండోదాంట్లో తప్పులు కంటికి ఆనవు. చాలా మంచి పేపరు వెంటనే వచ్చిన మామూలు పేపరు నాసిగా తోస్తుంది. అందుకని 60 మందివీ మొదటి ప్రశ్న పూర్తిచేసి, కట్టలో పేపర్ల వరుస కలగాపులగం చేసి, అప్పుడు రెండో ప్రశ్నకు వెళ్లండి. పేరున్న పేజీ వెనక్కి మడిచేయండి. మార్కులు వేరే షీటులో వేసుకుంటే ముందు ప్రశ్నకు ఎంత వచ్చిందో కనపడదు.

వీటన్నిటికన్నా ముందు వాల్యుయేషన్ స్కీము రాసుకోవాలి. డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే డిమాండ్ ఎంత మారుతుందో చెప్పే కొలత) మీద 10 మార్కుల ప్రశ్న అనుకోండి: నిర్వచనానికి 2, సూత్రానికి 1, లెక్కకు 3, రకాలకూ పటాలకూ 4. లెక్కకిచ్చే మూడింటినీ మళ్లీ విడగొట్టండి: ధర మార్పు శాతానికి 1, డిమాండ్ మార్పు శాతానికి 1, భాగహారానికి 1. 40 రూపాయల సరుకు 50 అయితే పెరుగుదల 25 శాతం. విద్యార్థి కొత్త ధరతో భాగించి 20 అని రాస్తే ఆ ఒక్క మార్కు పోతుంది. ఆ 20తోనే మిగతా లెక్క సరిగ్గా నడిపితే మిగిలిన 2 ఇవ్వాల్సిందే. ఒక తప్పుకు రెండుమూడు చోట్ల కోత పెట్టడం అన్యాయం.

స్కీము రాశాక ఐదారు పేపర్లు మార్కులు వేయకుండా చదవండి. మీరు ఊహించని సరైన దారులు అక్కడే బయటపడతాయి. పాత, కొత్త ధరల సగటు 45తో భాగించి 22.2 శాతం అని రాసిన అమ్మాయి ఆర్క్ పద్ధతి వాడింది. ఆమెకు పూర్తి మార్కు. స్కీము మధ్యలో మారిస్తే అప్పటికే దిద్దినవాటికీ వర్తింపజేయాలి.

ప్రతి ప్రశ్న ముగిశాక, మొదట దిద్దిన ఆరు జవాబుల్ని పాత మార్కు చూడకుండా మళ్లీ దిద్దండి. 1 మార్కుకు మించి తేడా వస్తే మొదటి ఇరవై తిరగదోడండి. విసుగు పుట్టించే పనే. కానీ ఆ మార్కు పిల్లల మెమోలోకి ఎక్కుతుంది.

ప్రశ్న: బిట్ పేపర్లో ఒక బిట్ బాగా చదివేవాళ్లే తప్పు పెట్టారు. తీసేయాలా?

జవాబు: ముందు మీ కీ సరిచూడండి, చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. తర్వాత మొత్తం మార్కుల వరుసలో పై 27 శాతాన్నీ, కింది 27 శాతాన్నీ తీసుకోండి. 60 మందిలో 16 చొప్పున. పైవాళ్లలో 13 మంది, కిందివాళ్లలో 5 మంది సరిగ్గా పెడితే తేడా 8. 16తో భాగిస్తే 0.5. బాగా వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ఆ బిట్ ఎంత బాగా వేరుచేస్తుందో ఈ అంకె చెబుతుంది. అది మంచి బిట్. 0.2 కన్నా తగ్గితే బిట్ మాటల్ని మళ్లీ చదవండి. సున్నాకు దిగువకు పోతే కీ తప్పయి ఉండొచ్చు, లేదా రెండు ఆప్షన్లు సరైనవై ఉండొచ్చు. రెండూ సరైనవైతే రెంటికీ మార్కు ఇవ్వండి. అందరికీ మార్కు కలిపితే ఏమీ తెలియనివాళ్లకూ అది దక్కుతుంది.

అందరూ సరిగ్గా పెట్టిన బిట్‌కూ సున్నాయే వస్తుంది. అది క్లాసులో ప్రతి ఒక్కరికీ రావాల్సిన పునాది విషయమైతే అలాగే ఉంచండి.